వర్టికల్ మౌస్: రెండు నెలలు వాడాక

మియాపూర్‌లో ఇంటి నుంచే రోజుకి తొమ్మిది గంటలు అకౌంట్స్ ఎంట్రీలు చేస్తాను. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేసేది. మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోతోందన్నారు డాక్టరమ్మ.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్సులో నాలుగు షాపులు తిరిగి ఈ మౌస్ కొన్నాను, 1,100 రూపాయలు. షాపతను డబ్బా విప్పి పట్టుకుని చూడనిచ్చాడు. అలా చూడకుండా కొనకండి, మొదటిది నా చిన్న చేతికి అందనే లేదు.

షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలి, అరచేయి బోర్లా పడదు. మొదటి వారం కర్సర్ ఎక్సెల్ గడిలో నిలవక ఏడుపొచ్చింది. ఇప్పుడు ముంజేతి లాగుడు బాగా తగ్గింది. తిమ్మిరికి మాత్రం మణికట్టు వంగకుండా రాత్రి కట్టుకునే పట్టీ, అంటే స్ప్లింటే ఎక్కువ పనిచేసింది. కీబోర్డును మోచేతి ఎత్తుకి దించాను కూడా. ఎడమచేతి వాటం వాళ్లకి ఈ మోడల్ పనికిరాదు.