టొర్రెవియేహా ఇంగ్లిష్ కిరాణా: క్రిస్మస్ బాక్సు కొనాలా, విడిగా కొనుక్కోవాలా?

దుకాణం పేరు రాయడం లేదు. కింద కొన్ని మొట్టికాయలు ఉన్నాయి, ఆ యజమానురాలితో నాకు వచ్చే డిసెంబరులో కూడా పని పడుతుంది. స్పెయిన్‌లో అలికాంటే ప్రావిన్సు దక్షిణపు చివర, టొర్రెవియేహా చుట్టుపక్కల, రిటైరైన బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా ఉండే కాలనీలు చాలా ఉన్నాయి. వాటి మధ్యలోనే ఉంది ఈ కొట్టు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు నేను దేని గురించి చెబుతున్నానో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది.

మా ఆయనది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్. నేను అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆ దేశపు పాస్‌పోర్టే తీసుకుని, రిటైరయ్యాక ఆయనతోపాటు ఎండ కోసం ఇక్కడికి వచ్చినదాన్ని. ఏడాదంతా ఆయనకు స్పెయిన్ తిండి అమృతం. నవంబరు ఆఖరు వచ్చేసరికి మనిషి మారిపోతాడు. 25వ తేదీ మధ్యాహ్నం బల్ల మీద ఏమేం ఉండాలో మా అత్తగారు పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది, అందులో ఒక్కటి తగ్గినా పండగ జరగనట్టే లెక్క. ఇక్కడివాళ్ళకేమో పెద్ద భోజనం 24 రాత్రి. పిల్లలకు అసలు బహుమతులు జనవరి 6న, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజులు తెస్తారు. బాక్సింగ్ డే అని ఇంగ్లండ్ అంతా సోఫాలో పడి ఉండే 26న మా ఊళ్ళో మామూలు పనిరోజు. కాబట్టి మా పద్ధతిలో పండగ చేసుకోవాలంటే సరుకులు మేమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట ఈ కొట్టు దగ్గరికి తీసుకొస్తుంది.

వీళ్ళు నలుగురికి సరిపడా అని ఒక క్రిస్మస్ బాక్సు అమ్ముతారు. పోయిన డిసెంబరులో 95 యూరోలు. టర్కీ క్రౌన్, అంటే కాళ్ళూ రెక్కలూ తీసేసి ఎముకతో ఉంచిన రొమ్ము భాగం. సన్న సాసేజ్‌లకు బేకన్ చుట్టిన పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్, స్టఫింగ్ పొడి, బంగాళాదుంపలు, తెల్ల క్యారెట్‌లా ఉండే పార్స్‌నిప్ దుంపలు, బుల్లి క్యాబేజీల్లాంటి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, గ్రేవీ, క్రాన్‌బెరీ సాస్, ఎండు పళ్ళతో చేసిన చిన్న క్రిస్మస్ పుడ్డింగ్. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఎర్ర రిబ్బను కూడా కట్టారు. దాని కోసం 23న మేము క్యూలో నిలబడ్డ సేపట్లో బజారంతా చుట్టి రావచ్చు.

బాక్సు దండగ. ముఖ్యంగా ఆ టర్కీ. ఫ్రీజర్ సరుకు, ఓవెన్‌లో పెట్టగానే నీళ్ళు వదిలింది, తొక్క కరకరలాడాల్సింది పోయి మెత్తగా ఊరుకుంది. స్ప్రౌట్స్ పై ఆకులు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. క్రాన్‌బెరీ సాస్ అయిపోయిందట, ఫోన్ చేసి ఒక మాట అడగకుండా రెడ్‌కరెంట్ అనే వేరే పండు జెల్లీ సీసా పెట్టేశారు. మా ఆయన ఆ సీసా వైపు చూసిన చూపు యజమానురాలు చూసి ఉండాల్సింది. దానికి తోడు వంట ఎలా చేయాలో ఒక కాగితం పెట్టారు. అందులో వేడి అంతా గ్యాస్ మార్కుల్లో, అంటే బ్రిటిష్ గ్యాస్ ఓవెన్‌ల మీద ఉండే అంకెల్లో ఉంది! స్పెయిన్ ఓవెన్‌లకు సెల్సియస్ అంకెలు తప్ప వేరే తెలియదు. మార్క్ 6 అంటే 200, మార్క్ 4 అంటే 180 అని నాకు నోటికొచ్చు కాబట్టి సరిపోయింది. ఇక్కడ పుట్టి పెరిగిన కోడలో అల్లుడో వంటకు దిగితే ఏం కాను?

ఇందులో సగం సరుకు బజార్లో ఇంతకంటే బాగా దొరుకుతుంది. టర్కీ అక్కడి కోళ్ళ కొట్టతనికి డిసెంబరు మొదట్లోనే చెప్పి పెట్టుకోవాలి, ఇక్కడ మొత్తం పక్షి అన్ని రోజుల్లో దొరకదు. చెప్పే ముందు మీ ఓవెన్ కొలుచుకోండి. అద్దె అపార్ట్‌మెంట్లలో ఓవెన్‌లు చిన్నవి, ట్రేతో సహా పట్టాలి. పార్స్‌నిప్‌ను ఇక్కడ చిరివియా అంటారు. ఈ వలెన్సియా ప్రాంతం వాళ్ళు చలికాలం పులుసుల్లో వేసుకుంటారు కాబట్టి కూరగాయల బజార్లో క్యారెట్ల పక్కనే ఉంటుంది. ఇంగ్లిష్ కొట్టులో అదే దుంపను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఎంత అడుగుతారో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. కాల్చే బంగాళాదుంపలకు, వేయించడానికి అని రాసి ఉన్న సంచి తీసుకోండి, ఉడికించడానికి అని ఉన్నది వద్దు. బాతు కొవ్వు సీసా కూడా అక్కర్లేదు, సూపర్‌మార్కెట్‌లో దొరికే పంది కొవ్వు చాలు, దుంపలు అంచుల దాకా ఎర్రగా వేగుతాయి.

మరి ఈ కొట్టుకు ఎందుకు వెళ్ళాలి? ఇంకెక్కడా దొరకని వాటి కోసం.

బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, బ్రిటన్ నుంచి మాంసం, పాలతో చేసిన సరుకు సొంత బ్యాగులో గానీ పోస్టులో గానీ యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. మా ఆడపడుచు పాపం ప్రతి క్రిస్మస్‌కూ నీలి చారలుండే స్టిల్టన్ చీజ్ ముక్క ఒకటి పంపేది. ఇప్పుడు బిస్కెట్లూ చాక్లెట్లూ వస్తాయి గానీ ఆ ముక్క రాదు. బహుమతిగా పంపిన పార్సిల్ విలువ 45 యూరోలు దాటితే పన్ను కూడా మనమే కట్టి విడిపించుకోవాలి. కొట్టువాళ్ళు సర్టిఫికెట్లూ కాగితాలూ అన్నీ పెట్టుకుని లారీలో తెప్పిస్తారు, ఆ ఖర్చంతా ధరలో కనిపిస్తుంది. స్టిల్టన్ విషయంలో మాత్రం నేను నోరెత్తను. డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్, ఈ మూడు కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, చేసినదానికే ఆ పేరు పెట్టుకునే హక్కు. స్టిల్టన్ అనే ఊరు వేరే కౌంటీలో ఉంది కాబట్టి ఆ ఊళ్ళో చేస్తే ఆ పేరు పెట్టకూడదు! మా ఆయన దీన్ని ప్రతి అతిథికీ చెబుతాడు, ఇప్పుడు మీకు నేను చెప్పాను.

రెండోది మిన్స్‌మీట్. పేరులో మాంసం ఉన్నా పూర్వకాలంలో లాగా ఇప్పుడు మాంసం వేయరు, ఎండు ద్రాక్ష, ఆపిల్, నారింజ తొక్క, మసాలా దినుసులు. అయితే సంప్రదాయంగా సూయెట్ వేస్తారు, అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. నేను బీఫ్ తినను. ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్ళూ సీసా వెనక సన్నక్షరాలు చదువుతూ అర నిమిషం గడిపేదాన్ని. ఈ కొట్టులో ఇప్పుడు శాకాహార సూయెట్ ఉన్నవే అమ్ముతున్నారు. కాగితాల గొడవ తక్కువట. నాకు బ్రెగ్జిట్ వల్ల కలిగిన మేలు ఇదొక్కటే. ఈ మిన్స్‌మీట్ లోపల పెట్టిన చిన్న మిన్స్ పైలు వీళ్ళే వెనక ఓవెన్‌లో కాలుస్తారు, ఆ పిండి వెన్న వాసన తలుపు దగ్గరే తగులుతుంది. పుడ్డింగ్ కూడా ఇక్కడే కొంటాను. అత్తగారు అడ్వెంట్‌కు, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలానికి, ముందు ఆదివారమే కలిపి, రోజంతా ఆవిరి మీద ఉడికించి, లోపల వెండి ఆరు పెన్నీల నాణెం దాచేవారు. నాకంత ఓపిక లేదు, ఇక్కడి కరెంటు బిల్లు చూశాక అసలు లేదు.

క్రాకర్లు బాక్సులో రావు, అవి వేరే. లండన్‌లో మిఠాయిలు చేసే టామ్ స్మిత్ 1840లలో మొదలుపెట్టిన కాగితపు గొట్టాలు. చెరో పక్కా పట్టుకుని లాగితే టప్‌మని పేలి లోపలి నుంచి కాగితం కిరీటం, పనికిరాని బొమ్మ, నవ్వు రాని జోకు బయటపడతాయి. ఆ పేలేదానిలో కాస్త పేలుడు మందు ఉంటుంది కాబట్టి చాలా విమానాల్లో అసలు ఒప్పుకోరు. కాబట్టి కొట్టే గతి. ఆరు క్రాకర్ల పెట్టె 12 యూరోలు, మారు మాట్లాడకుండా ఇచ్చేయండి. మా పక్కింటి సెన్యోరా (స్పెయిన్ ఆవిడ) క్రాకర్‌లో వచ్చిన ఊదా కిరీటం పెట్టుకునే, ఇక్కడి ఆచారం ప్రకారం కొత్త సంవత్సరం రాత్రి పన్నెండు ద్రాక్షపళ్ళూ తింది. ఇప్పుడు తనకూ ఒక పెట్టె తెమ్మంటోంది.

యజమానురాలి గురించి ఒక మాట. లాంకషైర్ మనిషి, గొంతు పెద్దది, క్యూలో ఎవరైనా ముందుకు దూరితే వదిలిపెట్టదు. రెడ్‌కరెంట్ జెల్లీ సంగతి చెబితే వాదించలేదు, ఒక డజను మిన్స్ పైలు చేతిలో పెట్టింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ సామాన్లు కారు దాకా మోస్తుంది, 24న కొట్టు మూసేముందు వాళ్ళకు ఫోన్ చేసి ఏమైనా కావాలా అని అడుగుతుంది. టర్కీ సంగతి ఆవిడకు తెలియదనుకోను, కానీ ఈ మంచితనం వల్ల ఎవరూ ఎదురు చెప్పరు. ఎవరో ఒకరు చెప్పాలి.

నేనిచ్చే మార్కులు: బాక్సుకు 5లో 2, కొట్టుకు 4. ఆర్డరు పుస్తకం నవంబరులో తెరుస్తారు, కొంత అడ్వాన్స్ కట్టాలి, అదీ నగదే. గ్రేవీ, బేకన్, స్టఫింగ్ క్రిస్మస్ ముందు రోజు దాకా దొరుకుతాయి. క్రాకర్లు, స్టిల్టన్ మాత్రం ముందే చెప్పి, పేరు రాయించి, రాసిందా లేదా అని తొంగి చూసుకుని మరీ రండి.