జీసీజే లేని డెబియన్ 10: పలాస జీడి బట్టీ లెక్కలతో చూసిన సమీక్ష

పలాసలో మా కుటుంబం నడిపే జీడి బట్టీ లెక్కలు చాలా ఏళ్లుగా డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తున్నాయి. 80 కిలోల పిక్కల బస్తా దిగినప్పటి నుంచి, పప్పు గుండు, బద్ద, ముక్కగా వేరుపడి డబ్బాల్లోకి వెళ్లేదాకా తూకాలనూ, పొట్టు తీసే ఆడవాళ్లకు కిలోల లెక్కన ఇవ్వవలసిన వారపు కూలినీ చూపే చిన్న జావా ప్రోగ్రామును నేనే రాసుకున్నాను. దాన్ని జీసీజే అనే కంపైలరుతో నేరుగా యంత్రభాషలోకి మార్చి పెట్టుకున్నందువల్ల, ఒక్క జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటరు మీద కూడా నొక్కగానే తెరుచుకునేది. ఆ కంపైలరంటే నాకు నిజంగా ఇష్టం.

2019 జూలై 6న విడుదలైన డెబియన్ 10లో అది లేదు. మా హార్డ్‌డిస్కు పాడై, కొత్త డిస్కులో ఈ విడుదలను వేసి, బ్యాకప్ నుంచి ప్రోగ్రామును తెచ్చి నడిపితే, జీసీజేతో తయారైన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన లిబ్‌జీసీజే అనే లైబ్రరీ ఫైలు దొరకలేదన్న ఒక్క వరుస కనిపించి ఆగిపోయింది. అది శనివారం, కూలి ఇచ్చే రోజు. తూకం చీటీలన్నీ బల్ల మీద పరచి, చేతిలెక్కతోనే డబ్బు పంచాము. విడుదల గమనికలను ముందుగా చదవకపోవడం నా పొరపాటే.

తొలగింపు మాత్రం సరైన పనే అని నా అభిప్రాయం. 2006లో జావాను తయారుచేసిన సన్ సంస్థ దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద ఇస్తామని ప్రకటించి, ఆ తరువాత ఓపెన్‌జేడీకే అనే స్వేచ్ఛా జావా సాధనాల కట్ట వచ్చాక, జీసీజే మీద పనిచేసే చేతులు క్రమంగా తగ్గిపోయాయి. జీసీజే ఆధారపడిన క్లాస్‌పాత్ అనే జావా లైబ్రరీకి 2012లో వచ్చిన 0.99 తరువాత కొత్త విడుదల రాలేదు. జీసీజే భాగంగా ఉన్న కంపైలర్ల సముదాయం జీసీసీ. 2016లో ఆ జీసీసీ బృందమే జీసీజేను తన మూలం నుంచి తీసివేయగా, 2017 మేలో వచ్చిన జీసీసీ 7లో జీసీజే లేదు. డెబియన్ 9 జీసీసీ 6తో వచ్చినందువల్ల మాబోటివాళ్లకు మరో రెండేళ్లు గడువు దొరికినట్టయింది. కంపైలరులోనో, దాని లైబ్రరీలోనో లోపం ఉంటే దానితో తయారైన ప్రతి ప్రోగ్రాముకూ ఆ లోపం అంటుకుంటుంది. ఒక్కో విడుదలకు ఏళ్ల తరబడి భద్రతా సవరణలు ఇస్తామని మాట ఇచ్చే డెబియన్, సరిదిద్దేవారు లేని కంపైలరును మోయడం వాడుకరులకు మేలు చేయదు.

పాత ప్యాకేజీలను భద్రపరిచే డెబియన్ స్నాప్‌షాట్ సేవ నుంచి ఆ లైబ్రరీని తెచ్చి అతికించవచ్చు. కానీ సవరణలు రాని దాని మీద కూలి లెక్క నడపడానికి నాకు మనసొప్పలేదు. అందుకే ఓపెన్‌జేడీకే 11 వేసి, మూల ఫైళ్లను మళ్లీ కంపైల్ చేశాను. ఒకచోట అక్కరలేని విలువకు ఒట్టి అండర్‌స్కోరునే పేరుగా పెట్టుకున్నాను. జావా 9 నుంచి అది చెల్లదు కనుక పేరు మార్చవలసి వచ్చింది. మిగిలినదంతా ఉన్నదున్నట్టే పనిచేసింది, పాత పుస్తకంలోని నెల మొత్తాలతో పోల్చి చూస్తే తేడా రాలేదు. ప్రోగ్రాము తెరుచుకోవడానికి ఇప్పుడు కొంత సమయం పడుతోంది, మెమరీ కూడా ఎక్కువే తీసుకుంటోంది. పాత యంత్రాలున్నవారికి ఇది నిజమైన నష్టమే.

ఇంకొక మెరుగు ఉంటే బాగుండును. తీసివేసిన ప్యాకేజీ పేరు కొడితే, డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ఆప్ట్ అనే సాధనం అది దొరకలేదని మాత్రమే చెబుతుంది. దాని స్థానంలో ఏది వాడాలో కూడా అక్కడే చెబితే కొత్తవారికి ఎంతో శ్రమ తప్పుతుంది.

పాత విడుదల నుంచి మారేవారు, తమ ప్రోగ్రాము ఏ లైబ్రరీల మీద ఆధారపడుతోందో ఎల్‌డీడీ ఆదేశంతో ముందే చూసుకోవాలి. మూల ఫైళ్లు చేతిలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. డెబియన్ 12లోని ఓపెన్‌జేడీకే 17 మీద మా ప్రోగ్రాము ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది. దాని మూల ఫైళ్ల ప్రతి ఇప్పుడు గల్లాపెట్టెలో, కూలి పుస్తకం పక్కనే, ఒక పెన్‌డ్రైవులో ఉంటోంది.