రైలెక్కి తిరిగిన ఊరు, తాలింపుకి 150 డాలర్లు

అమెరికాలో ఒరెగన్ రాష్ట్రంలోని క్రేటర్ లేక్ అనే సరస్సు చూశాం, బాగుంది. ఫోటోల్లో ఎంత నీలంగా ఉంటుందో అంత నీలంగానూ ఉంది. కారుకి 30 డాలర్లు తీసుకున్నారు, జూలై కదా, దోమలు కుమ్మేశాయి. దాని గురించి ఇంతకంటే రాయను, రాసినవాళ్లు కోకొల్లలు. నాకు కడుపు మండింది మేం దిగిన క్యాబిన్ దగ్గర, మనసు నిండింది హైవే 97 పక్కన చూసిన పాత కలప పనివాళ్ల బతుకుల దగ్గర. ఈ రెండింటికీ లంకె ఉంది కాబట్టి కలిపే చెప్తాను.

మేం ఒరెగన్‌లో హిల్స్‌బరోలో ఉంటాం. రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. మామయ్యగారు ఉద్యోగమంతా కలప అడితీలో లెక్కలు రాస్తూ గడిపారు. గోదావరి మీద తెప్పలు కట్టి దించే టేకు దుంగలు చూస్తూ పెరిగిన మనిషి. మాల్‌కి వెళ్దామంటే కార్లోనే కూర్చుంటానంటారు, పెద్ద చెట్టు కనబడితే మాత్రం దిగి అరచేత్తో కొట్టి చూస్తారు. ఆయన కోసమే ఒకప్పటి కలప మిల్లుల ఊరు బెండ్ మీదుగా దారి పెట్టుకున్నాం.

బెండ్‌లో ఓల్డ్ మిల్ డిస్ట్రిక్ట్ అని ఉంది. మూడు పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. 1911లో రైలు వచ్చాక, 1916లో డెషూట్స్ నది దగ్గర షెవ్లిన్-హిక్సన్, బ్రూక్స్-స్కాన్‌లన్ అని రెండు కంపెనీలు భారీ కోత మిల్లులు తెరిచాయి. మేం వెళ్లినప్పుడు ఆ పొగగొట్టాల కింద కొండలెక్కే సామాను అమ్ముతున్నారు. చుట్టూ షాపులే. ఐస్‌క్రీములకి 31 డాలర్లు అయ్యాయి, మా అమ్మాయి తప్ప ఎవరం ఆనందంగా తినలేదు. "దుంగలెక్కడరా?" అని మామయ్యగారు అడిగితే మా ఆయన దగ్గర జవాబు లేదు.

జవాబు ఊళ్లోనే డెషూట్స్ హిస్టారికల్ మ్యూజియంలో దొరికింది. 1914లో కట్టిన రీడ్ స్కూలు భవనం అది. చిన్నదే గానీ బెండ్‌లో ఒక్క గంట ఖాళీ ఉంటే మిల్ డిస్ట్రిక్ట్ వదిలేసి ఇక్కడికి వెళ్లండి. వాలంటీరుగా ఉన్న ఒక పెద్దాయన మామయ్యగారి ఆసక్తి చూసి వెంటే తిరిగారు. ఆయన చెప్పిన షెవ్లిన్ ఊరి సంగతి వింటూ అత్తయ్యగారు ముక్కున వేలేసుకున్నారు.

షెవ్లిన్ అంటే ఒక చోట స్థిరంగా ఉన్న ఊరు కాదు. షెవ్లిన్-హిక్సన్ కంపెనీ పనివాళ్ల ఊరు. చుట్టుపక్కల పైన్ చెట్లు అయిపోగానే ఊరు మొత్తం లేచిపోయేది. ఇళ్లు రైలు పెట్టెకి సరిపడా వెడల్పులోనే కట్టేవాళ్లు. క్రేన్‌తో ఎత్తి ఫ్లాట్‌కార్ (గోడలు, కప్పు లేని రైలు బండి) మీద పెట్టి కొత్త చోటికి లాక్కెళ్లి దింపేవాళ్లు. బడి, కొట్టు, పోస్టాఫీసు అన్నీ అలాగే. సంసారం పెద్దదైతే రెండు పెట్టెలు పక్కపక్కన చేర్చి ఒక ఇల్లు చేసేవాళ్లు. 1950లో కంపెనీ అమ్ముడుపోయేదాకా ఈ తిరుగుడు సాగింది.

"మరి ఆ ఇల్లాలు పచ్చడి జాడీలు ఎక్కడ పెట్టుకునేదో!" అన్నారు అత్తయ్యగారు. నవ్వాం గానీ అసలు ప్రశ్న అదే. కలప పని అంటే అందరికీ గొడ్డలి పట్టిన మగవాడి బొమ్మే గుర్తొస్తుంది. పెళ్లికాని వాళ్లకి కంపెనీ వంటశాలలో బల్లల మీద భోజనం ఉండేది. పెళ్లయినవాడికి వంటశాల ఇల్లే. ఆవిడ చీకటితోనే లేచి కట్టెల పొయ్యి ముట్టించి, మధ్యాహ్నం డబ్బా కూడా కట్టి పంపాలి. 1918 ముందు ఈ అడవుల్లో పది గంటల పని మామూలే, ఆ ఏడాదే ఎనిమిది గంటలకి దిగింది. సాయంత్రం ఆయన మేకుల బూట్లతో వస్తే గుమ్మంలోనే విప్పించాలి, లేకపోతే చెక్క నేల చిల్లులు పడుతుంది. బంక అంటిన బట్టలు ఉడకబెట్టి ఉతకాలి. అన్నిటికీ మించి భయం ఒకటి ఉండేది. 1913లో ఒరెగన్‌లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చేదాకా, మొగుడు చెట్టు కింద పడి పోతే ఆవిడ కంపెనీ మీద దావా వేసి తప్పు వాళ్లదేనని రుజువు చేయాలి. అడవి మధ్యలో పిల్లల్ని చంకనేసుకుని ఎక్కడికి పోయి దావా వేస్తుంది?

ఇక క్యాబిన్ సంగతి. పేరు రాయను. హైవే 97కి కాస్త లోపలికి, "లాగర్ల (అడవిలో చెట్లు కొట్టేవాళ్ల) కాలం నాటి అనుభూతి, పూర్తి వంటగది" అని ప్రకటన పెట్టారు. రాత్రికి 219 డాలర్లు, పైన రిసార్ట్ ఫీజు అని రాత్రికి 30. రిసార్ట్ ఎక్కడుందో చివరిదాకా కనబడలేదు. గోడ మీద పాత రెండు పిడుల రంపం, దాని మీద సూర్యాస్తమయం పెయింటింగ్. మామయ్యగారికి అది చూడగానే ఒళ్లు మండింది. మంచం పైన ఫ్రేము కట్టిన ఫోటో, చెక్క గుడిసె ముందు ఒక జంట: ఆయన సస్పెండర్లు, ఆవిడ ఏప్రన్, చేతులు మాత్రం దాచుకున్నట్టు వెనక్కి పెట్టుకుంది. ఫోటో నాకు నచ్చింది, అబద్ధం చెప్పను.

పూర్తి వంటగది అంటే రెండు బర్నర్ల కరెంటు స్టవ్, ఒక గిన్నె, ఒక పెనం. పొగ బయటికి లాగే ఫ్యాన్ లేదు. వేడినీళ్లు ఇద్దరు స్నానం చేసేసరికి అయిపోయేవి. పోనీలే అనుకున్నాం. రాత్రి మామయ్యగారికి బయటి తిండి పడక అత్తయ్యగారు చారు పెట్టారు. ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి తాలింపు, అంతే. కిటికీలన్నీ తీసే పెట్టాం. చలికి వణుకుతూ తిన్నాం, అయినా ఆ ట్రిప్పులో ఆయన కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఇంటికొచ్చాక మెయిల్ వచ్చింది: "ఘాటైన వంట వాసన" తొలగించినందుకు 150 డాలర్లు కార్డు మీద వేశారట. మా ఆయన ఫోన్ చేస్తే ఒప్పందంలో ఆ నిబంధన ఉందన్నారు. మరి పూర్తి వంటగది అని ఎందుకు రాశారండీ అంటే, "అది తేలికపాటి వంటకి" అన్నారు. ఆమ్లెట్ వేస్తే వాసన రాదు కాబోలు! అత్తయ్యగారు రెండు రోజులు "నా వల్లే కదమ్మా" అంటూనే ఉన్నారు. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ. గోడకి తగిలించిన ఆ ఏప్రన్ ఆవిడ అంతకంటే చిన్న గదిలో రోజూ పందికొవ్వు వేయించి ఉంటుంది. ఆవిడ సంసారాన్ని అలంకారంగా అమ్ముకుంటారు, అందులో ఇంకొక ఆడమనిషి నిజంగా వంట చేస్తే జరిమానా వేస్తారు.

అక్కడి నుంచి దక్షిణంగా వెళ్తుంటే గిల్‌క్రిస్ట్ వస్తుంది, 1938లో గిల్‌క్రిస్ట్ కుటుంబం తమ మిల్లు పనివాళ్ల కోసం కట్టిన ఊరు. ఆగాల్సిన పని లేదు, కారు నెమ్మది చేసి చూస్తే చాలు.

తప్పకుండా ఆగాల్సింది చిలక్విన్ దగ్గర కాలియర్ పార్కులో. 1945లో కాలియర్ అన్నదమ్ములు తమ అమ్మానాన్నల జ్ఞాపకంగా రాష్ట్రానికి ఇచ్చిన చోటు. పాత కలప పని సామానంతా మ్యూజియంగా అక్కడే ఆరుబయట పెట్టారు. మేం వెళ్లినప్పుడు మ్యూజియానికి టికెట్ లేదు. 2020 సెప్టెంబర్‌లో కార్చిచ్చు పార్కులో చాలా చెట్లని మాడ్చేసింది గానీ మ్యూజియం దక్కింది. మనిషికంటే ఎత్తున్న జంట చక్రాల బండి చూసి మామయ్యగారు అక్కడే అతుక్కుపోయారు. దుంగ ఒక కొస చక్రాల కిందకి గొలుసుతో ఎత్తి, రెండో కొస నేల మీద ఈడుస్తూ గుర్రాలతో లాగించేవాళ్లు. రెండు పిడుల రంపం దగ్గర మా అమ్మాయికి పాఠం చెప్పారు: "చూడమ్మా, ఇద్దరూ ఎవరివైపు వాళ్లు లాగడమే, తోయకూడదు. తోస్తే రంపం వంగిపోతుంది. మా దగ్గర ఒకడు దుంగ మీద, ఒకడు కింద నిలబడేవాడు, కిందవాడి కళ్లల్లో పొట్టు పడేది." పైన్ బంక రంపానికి అంటుకుంటే ఏం చేసేవారని ఆయన అడిగితే, అక్కడి వాలంటీరు కిరసనాయిలు సీసా కొక్కెంతో బెరడుకి తగిలించుకునేవారని చెప్పింది. మామయ్యగారు తల ఊపారు, ఇద్దరికీ భాష కలవకపోయినా పని కలిసింది.

పక్కనే తెచ్చి నిలబెట్టిన పాత దుంగల ఇళ్లున్నాయి. ఒకదానిలోకి తొంగి చూసి అత్తయ్యగారు అడుగులతో కొలిచారు. పొయ్యి, మంచం, బల్ల, ఇక మనిషి తిరగడానికి జాగా లేదు. "పిల్లలు ఎక్కడ పడుకునేవారో" అని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత స్ప్రింగ్ క్రీక్ ఒడ్డున పులిహోర తిన్నాం. నీళ్ల అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత స్వచ్ఛం. ఆ ఇంగువకి ఎవరూ బిల్లు వేయలేదు.



మీరు వెళ్తే కాలియర్ దగ్గరే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. టెంట్ అలవాటుంటే మేం దిగినలాంటి చోట్ల మొహం చూడక్కర్లేదు. క్యాబినే కావాలంటే, "మేం రోజూ వండుకుంటాం, తాలింపు వేస్తాం, అభ్యంతరమా?" అని ముందే మెయిల్ రాసి జవాబు దాచుకోండి. ఫోన్లో అడిగితే ఎవరైనా సరే అంటారు. కూలర్‌లో పెరుగన్నం తప్పనిసరి, బెండ్ దాటాక కూరగాయల కొట్లు అంతంతమాత్రం.

మా 150లో 75 వెనక్కి ఇచ్చారు, "సద్భావంతో" అట. మిగతా 75కి కార్డు కంపెనీలో డిస్ప్యూట్ పెట్టాం, చారు గిన్నె ఫోటో, వాళ్ల పూర్తి వంటగది ప్రకటన రెండూ జత చేసి.