బెలుం, యాగంటి, గండికోట: హైదరాబాద్ నుంచి రెండు రోజుల కారు ప్రయాణంపై సమీక్ష

దసరా సెలవుల్లో కూకట్‌పల్లి నుంచి మేము అయిదుగురం, మా అత్తగారితో సహా, డ్రైవరుతో ఇన్నోవా మాట్లాడుకుని కర్నూలు మీదుగా బెలుం గుహలకు వెళ్ళివచ్చాము. బండి ఏర్పాటు చేసిన ట్రావెల్స్ వారి పేరు ఇక్కడ రాయదలచుకోలేదు. చూసిన చోట్లకు అయిదింటికి అయిదు మార్కులు వేస్తాను, వారి ఏర్పాటుకు మాత్రం రెండుకు మించి వేయలేను.

బెలుం నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, హైదరాబాద్‌కు సుమారు 320 కిలోమీటర్ల దూరంలో ఉంది. కొండ ఎక్కితే గాని గుహ రాదనుకునేవారికి ఇక్కడ ఆశ్చర్యమే, ఎందుకంటే చదునైన నేలలో బావిలా కనిపించే గోతిలోకి మెట్లు దిగడమే దీని ప్రవేశం. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు, 1982, 83 సంవత్సరాలలో గుహల పరిశోధకుడు గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది, 2002లో పర్యాటకులను అనుమతించారు. మొత్తం పొడవు 3229 మీటర్లు కాగా, మనం నడవగలిగేది దాదాపు కిలోమీటరున్నర.

దారిపొడవునా పేర్చి ఉన్న నాపరాళ్ళను చూశాక లోపలి గోడలను చూస్తే ఈ గుహ కథ సులువుగా అర్థమవుతుంది. రెండూ సున్నపురాయే. ఆ రాతి పగుళ్ళలో ఏనాటి నుంచో పారిన నీరు దానిని కరిగించుకుంటూ పోయి ఈ సొరంగాలను చేసింది, అందుకే గోడలు ఉలి తగిలినట్టు కాక, చేత్తో నిమిరినట్టు నునుపుగా, అలలు అలలుగా ఉన్నాయి. సప్తస్వరాల గుహలో గైడు వేళ్ళ కణుపులతో ఒక రాతి ఊడను తట్టగానే కంచు చెంబును తట్టినట్టు ఖంగుమంది, పక్కదానిని తడితే మరో స్వరం. గుహలోనే కోటిలింగాలు, ఊడలమర్రి అనే చోట్లు కూడా చూడదగినవే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పాతాళగంగ. ప్రవేశద్వారం మట్టం నుంచి 46 మీటర్ల లోతున ఉన్న ఈ చోట సన్నని ధార పారుతూ వచ్చి రాతిలోకి మాయమైపోతుంది. అది బెలుం ఊరి బావికి చేరుతుందని అక్కడివారి నమ్మకం. గొట్టాల ద్వారా లోపలికి గాలి పంపుతున్నారు కనుక ఊపిరి ఆడదన్న భయం లేదు గాని, ఉక్కపోత మాత్రం తప్పదు, నూలు బట్టలు, జారని చెప్పులు ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు పాతాళగంగ మెట్ల దగ్గర ఆగిపోయి, "మీరు చూసి రండమ్మా, నాకు యాగంటి చాలు" అన్నారు.

ఆమె మాట నిజమే. బెలుం కంటే ముందే చూసిన యాగంటిలో, కొండలోంచి వచ్చే ఊట నంది నోటి గుండా కోనేటిలో పడుతూ ఉంటుంది, ఆ నీటిలో మెట్ల మీద కూర్చుని ఆమె గంటసేపు కదలలేదు. పక్కనే కొండ గుహల్లో వేంకటేశ్వరస్వామి, అగస్త్యుడి పేర్లతో గుడులున్నాయి. యాగంటిలో కాకి వాలదన్న మాటను పరీక్షించడానికి మా అబ్బాయి ఆకాశంకేసి చూస్తూ తిరిగాడు, ఒక్కటీ కనిపించలేదు.

ఇక ఫిర్యాదు. మొదటి రోజే ఓర్వకల్లు రాతి ఉద్యానం, యాగంటి, బెలుం, ఆపైన గండికోటలో సూర్యాస్తమయం అని ఆ సంస్థ రాసిచ్చింది. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరినా ఇది సాధ్యం కాదని మ్యాపు చూసినవారెవరైనా చెప్పగలరు. బెలుంలో తొందరపడుతూ తిరిగి, గండికోట చేరేసరికి చీకటి పడింది. మర్నాడు ఉదయం ఎర్రని రాతిగోడల మధ్య, దాదాపు 300 అడుగుల దిగువన పెన్నానదిని చూశాము గాని, మహానందికి పోవాలన్న తొందరలో అదీ గంటసేపే. మహానంది కోనేటి నీరు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా ఉంది, ఆ ఊట నీటితోనే చుట్టుపక్కల పొలాలు పండుతాయి.

అన్నీ కలిపి ఒకే ధర అని ముందు చెప్పి, తిరిగొచ్చాక డ్రైవరు బత్తా, ఆంధ్రప్రదేశ్ పర్మిటు ఖర్చు వేరుగా అడిగారు. డ్రైవరు మాత్రం నెమ్మదిగా, జాగ్రత్తగా బండి నడిపాడు, అత్తగారి కోసం ప్రతిచోటా గుమ్మం దాకా తెచ్చి ఆపాడు. నా సలహా ఒక్కటే: ఈ ప్రయాణానికి రెండు రోజులే ఉంటే ఓర్వకల్లు, మహానంది వదిలేసి, మొదటి రోజు యాగంటి చూసుకుని బనగానపల్లెలో బస చేయండి, రెండో రోజు బెలుం తలుపులు తీసే వేళకే అక్కడ ఉండండి. గండికోటకు మరోసారి విడిగా వెళ్ళవచ్చు. బండి మాట్లాడేటప్పుడు టోలు, బత్తా, పర్మిటు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. వారం రోజులు ఫోన్లు చేస్తే మాకు పర్మిటు డబ్బు వెనక్కి వచ్చింది, బత్తా రాలేదు.