మస్కట్, అబుధాబి ట్రిప్: గదిలోకి వెళ్లగానే ముందు కార్పెట్ చూడండి

గచ్చిబౌలిలో ఒక ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసుకుంటాను కాబట్టి ఎక్కడికెళ్లినా నా చూపు నేల మీదకే పోతుంది, ఇంట్లోవాళ్లు తిట్టీ తిట్టీ వదిలేశారు. మస్కట్ బీచ్‌ల గురించి, షాపింగ్ గురించి చాలామంది రాశారు, నేను బస సంగతి, మసీదుల సంగతి రాస్తాను.

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదుకి పొద్దున్నే వెళ్లండి. ముస్లిమేతరులకు శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకే ప్రవేశం, ఆడవాళ్లు తల కప్పుకోవాలి. 2001లో తెరిచిన ఈ మసీదు ప్రధాన మందిరం నిండా ఒకటే తివాచీ: 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువు, 170 కోట్ల ముడులు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్లు నాలుగేళ్లు కష్టపడి తయారుచేశారు. ఇంత జనం వచ్చే చోట అది ఎలా నిలిచిందో అక్కడే అర్థమైపోతుంది. చెప్పులు బయటే వదలాలి, లోపల సందర్శకులు నడవడానికి తివాచీ మీద వేరే నీలం పట్టా పరిచారు. నేను దాని అంచు దగ్గర వంగి చూశాను. పట్టా మధ్యలో పోగులు అణిగిపోయి ఉన్నాయి, అంగుళం అవతల అసలు తివాచీ పోగులు నిటారుగా నిలబడి ఉన్నాయి. అరిగేది చవక పట్టా, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు! కార్పెట్‌ని పాడుచేసేది మరకలకన్నా ఇసుకే, అది అడుక్కి దిగి అడుగు పడ్డప్పుడల్లా పోగుని కోస్తుంది.

ఇక మస్కట్‌లోని రువి ఏరియాలో మేం దిగిన హోటల్. పేరు వద్దులెండి. మనవాళ్ల తిండి దొరికే ఏరియా, రేటు పర్లేదు, సిబ్బంది మంచివాళ్లు, కానీ కార్పెట్ వేసిన కారిడార్‌లో అడుగుపెట్టగానే తడి గోనెసంచి వాసన. లిఫ్ట్ ముందు నల్లటి బాట పడింది, ఎవరో ఒలికించిన టీ మరక పైపైన కడిగితే ఆరాక మళ్లీ పైకి తేలింది. హౌస్‌కీపింగ్‌లో జగిత్యాల తమ్ముడొకడు కలిశాడు, అడిగితే నవ్వాడు: "పన్నెండు దాటినంక మిషన్ పెడ్తం అన్నా. నాలుగింటికే ఫ్లైట్ల జనం దిగుతరు. ఇగ అదెప్పుడు ఆరాలె?" వాడి తప్పేం లేదు. షాంపూ ఎక్కువ పోసి, నీళ్లు సరిగా లాగకుండా, కరెంటు మిగులుద్దని కారిడార్ ఏసీ ఆపేస్తే సముద్రపు ఊళ్లో తడి ఎక్కడికి పోతుంది? ఒక రోజు దాటి తడి నిలిస్తే బూజు మొదలవుతుంది, మిగిలిపోయిన షాంపూ జిగురుకి కొత్త మట్టి అంటుకుంటుంది. రోజూ పొడిగా వాక్యూమ్ బాగా కొట్టి, తడి పని తక్కువసార్లు చేసి, ఫ్యాన్లు పెట్టి ఆరబెడితే సగం బాధ తీరేది. మా పాపకి తుమ్ములు ఆగకపోతే మారు మాట లేకుండా టైల్స్ వేసిన వెనకవైపు గది ఇచ్చారు, ఆ మెచ్చుకోలు మాత్రం వాళ్లకి దక్కాలి.

అబుధాబిలో షేక్ జాయెద్ మసీదుకి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, ఉచితమే. అక్కడి తివాచీ ఇంకా పెద్దది, 5,627 చదరపు మీటర్లు. నమాజు వరుసలు తెలిసేలా తివాచీలోనే సన్నటి గీతలు పెట్టారు, పైన టేపు అంటించే పని లేదు. కానీ కట్టిన దారి దాటనివ్వరు, వెనక జనం తోస్తుంటారు, నిలబడి చూడాలంటే మస్కటే నయం.

అబుధాబి బసలో కారిడార్ అంతా కార్పెట్ టైల్సే, అర మీటరు ముక్కలు. లిఫ్ట్ దగ్గర మూడు ముక్కలు మిగతావాటికన్నా ముదురు రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి, పాడైనవి పీకి కొత్తవి వేశారన్నమాట. అందం తగ్గినా వాసన లేదు. గుమ్మం దగ్గర నాలుగైదు అడుగులు పడేంత పొడుగు మ్యాట్ కూడా ఉంది, మన దగ్గర చాలా హోటళ్లు అక్కడే పిసినారితనం చూపిస్తాయి.

మళ్లీ వెళ్తే మస్కట్‌లో రువిలోనే దిగుతాను, తిండికి అదే సుఖం. కాకపోతే బుకింగ్ అప్పుడే కార్పెట్ లేని, టైల్స్ వేసిన గది కావాలని మెసేజ్ పెడతాను.