తక్కువ నూనెతో చేపల పులుసుకి ఈ వెడల్పు పాన్ బాగా పనికొస్తోంది

డైట్ మొదలుపెట్టగానే చాలామంది చేపల కూరే మానేస్తారు, నాకది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. చేప వల్ల ఇబ్బంది ఏమీ లేదు, అందులో పోసే నూనెతోనే తంటా. ఆ నూనె తగ్గించడానికి ఈ నాన్‌స్టిక్ పాన్ నిజంగా సాయపడుతోంది కాబట్టి వివరంగా రాస్తున్నా. 28 సెంటీమీటర్ల వెడల్పు, మందమైన అడుగు, కాస్త ఎత్తు అంచు, రెండు పక్కలా చెవులు, గాజు మూత.

పులుసుకి మామూలుగా నాలుగు టేబుల్ స్పూన్ల నూనె పోసేస్తాం. ఒక్కో టేబుల్ స్పూనుకి దాదాపు 120 క్యాలరీలు, అంటే చేప ముక్క పడకముందే 480 చేరిపోయాయన్నమాట. ఇందులో అరకిలో చేపకి రెండు టీస్పూన్లు చాలు, 80 క్యాలరీలతో పోతుంది. మామూలు గిన్నెలో అంత తక్కువ నూనెలో ఉల్లిపాయ ముద్ద వేయిస్తే అడుగంటి చేదెక్కుతుంది. ఇందులో మాత్రం చిటికెడు ఉప్పు వేసి, ఆరినట్టు కనిపించినప్పుడల్లా చెంచాడు నీళ్లు చిలకరించి మూత పెడుతుంటే పచ్చివాసన పోయి చక్కగా మగ్గుతుంది. అయితే నూనె పైకి తేలాలని ఎదురుచూడకండి, ఇంత కొంచెం నూనె తేలదు. ముద్ద దగ్గరపడి, గరిటెతో తోస్తే పాన్‌ని వదిలేస్తోందంటే వేగినట్టే, కారం, ధనియాల పొడి అప్పుడే వేసేయండి.

నన్నడిగితే నాన్‌స్టిక్ పూత కన్నా ఈ వెడల్పే గొప్ప. ముక్కలన్నీ ఒకే వరసలో పడతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. దాంతో పులుసు ఎక్కువ పోయక్కర్లేదు, కలపాల్సిన అవసరమూ రాదు, రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పితే సరిపోతుంది, ఒక్క ముక్కా విరగదు. పులుపు చింతపండుదైనా టమాటాదైనా ముందే బాగా మరగనిచ్చి, ఆ తర్వాత ముక్కలు వేసి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచితే చాలు, ఎందుకంటే కోడి, మేక మాంసంలా చేపలో గట్టి పీచు ఉండదు, ఇంకాసేపు ఉడికిస్తే మెత్తబడదు సరికదా పొడిబారిపోతుంది. గాజు మూతలోంచి చూస్తూ ఉండండి, నిగనిగలాడే పచ్చి ముక్క పాల తెలుపులోకి మారి, ఫోర్కుతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోతే దించేయొచ్చు. మొత్తం వంట అరగంట లోపే అయిపోతుంది. ఇంకో మాట, పులుపు సరిగ్గా కుదిరితే ఉప్పు కాస్త తగ్గినా నాలుకకి తెలియదు, బీపీ ఉన్నవాళ్లకి ఇది మంచిదే.

ఇక నచ్చనివి. మూతకి ఆవిరి పోయే కన్నం లేదు, పులుసు తెర్లగానే పొంగి స్టవ్ అంతా పాడవుతోంది, పక్కకి జరిపి పెట్టుకోవాల్సిందే. మూత పిడి స్క్రూ కూడా తరచూ వదులవుతోంది. ఇంత మంచి పాన్‌కి ఇలాంటి మూత ఇవ్వడం కంపెనీ వాళ్ల అశ్రద్ధే, ఐదులో ఒక స్టార్ అందుకే కోశాను.

వాడేటప్పుడు చెక్క గరిటెలే వాడండి. ఖాళీ పాన్‌ని పెద్ద మంట మీద వదిలేయకండి, 260 డిగ్రీలు దాటితే ఈ రకం పూత పాడవడం మొదలవుతుంది, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. మిగిలిన పులుసుని రాత్రంతా ఇందులోనే ఉంచకుండా గాజు గిన్నెలోకి తీసేయండి.

ముగ్గురి దాకా వండుకునేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కిలో చేప వండే ఇల్లయితే మాత్రం వద్దు, ముక్కలు రెండు వరసలు పడ్డాయంటే పై వరస ఉడికేలోపు కింది వరస చితికిపోతుంది. 24 సైజు కాస్త చవకగా వస్తోంది కదా అని దానివైపు చూడకండి, అందులో అరకిలో ముక్కలు కూడా ఒక వరసలో పట్టవు.