భీమవరంలో పైథాన్ క్లాసు: పాఠం బాగుంది, సిస్టమ్స్‌తోనే గొడవ

భీమవరంలో ఒక చిన్న సెంటర్లో 2 నెలలు పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) నేర్చుకున్నాను, పేరు చెప్పను గానీ పాఠం వరకు డబ్బులు దండగ అనిపించలేదు. ముఖ్యంగా ప్రాపర్టీల ఓవర్‌రైడింగ్, అంటే పై క్లాసులో ఉన్న ప్రాపర్టీని కింది క్లాసులో మార్చి రాయడం, చెప్పిన రోజు. మాస్టారు బోర్డు మీద ‘సరుకు’ అని ఒక క్లాసు (కోడ్‌లో ఒక రకం వస్తువుకి నమూనా) రాసి, దానికి ‘ధర’ ప్రాపర్టీ పెట్టి, గెట్టర్ (విలువ చదివి ఇచ్చేది), సెట్టర్ (విలువ మార్చేది) రెండూ ఇచ్చారు. దాని కింద ‘రొయ్య’ సబ్‌క్లాసు, అంటే ‘సరుకు’ దీనికి పేరెంట్, అందులోవన్నీ దీనికీ వస్తాయి. ఇక్కడ ధర కౌంటును బట్టి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి మారుతుంది కదా (30 కౌంటుకీ 100 కౌంటుకీ ఒకటే రేటు ఎవరిస్తారు), అందుకని గెట్టర్ ఒక్కటే మళ్లీ రాయమన్నారు. రాశాం. రేటు మార్చబోతే యాట్రిబ్యూట్ ఎర్రర్! సెట్టర్ పేరెంట్‌లో ఉందిగా అని నేను వాదించాను. గెట్టర్, సెట్టర్ కలిపి ప్రాపర్టీ అంటే ఒకే వస్తువట, సబ్‌క్లాసులో అదే పేరుతో కొత్తది పెడితే పాతది మొత్తం దాని వెనక దాగిపోతుందట. గెట్టర్ మీద ఉత్త ‘ఎట్ ప్రాపర్టీ’ (@property) అని రాసే బదులు ‘ఎట్ సరుకు డాట్ ధర డాట్ గెట్టర్’ అని రాస్తే సెట్టర్ అలాగే ఉండి గెట్టర్ ఒక్కటే మారింది. సబ్‌క్లాస్ సెట్టర్‌లోంచి పేరెంట్ సెట్టర్ కావాలంటే సూపర్‌తో (పేరెంట్‌లోవి అందుకునే పద్ధతి) నేరుగా విలువ ఇవ్వడం కుదరదు, ‘సరుకు డాట్ ధర డాట్ ఎఫ్‌సెట్’ని, అంటే ఆ ప్రాపర్టీలో ఉన్న సెట్టర్ ఫంక్షన్‌ని పిలవాలి. ఇది నేను చూసిన ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఇక సిస్టమ్స్ సంగతి. 20 మందికి 12 ఉన్నాయి, కరెంటు పోతే రాసిన కోడంతా గోదాట్లో కలిసినట్టే. నరసాపురం నుంచి వచ్చేవాళ్లు పొద్దున బ్యాచ్ తీసుకోండి, సాయంత్రం సీటు దొరకదు. ల్యాప్‌టాప్ ఉంటే పట్టుకెళ్లండి.